ఆరో చుట్టు

ఈ మురుకుల గొట్టం పిడిని ఒక్క చుట్టు తిప్పితే లోపలి బిళ్ళ ఎంత కిందికి దిగుతుంది, ఎవరు చెప్తారు? ఆ, ఆనందబాబు చెయ్యెత్తినాడు. చెప్పు నాయనా. ఊఁ. మర మీద గాడికీ గాడికీ మధ్య ఎంత దూరముందో చూసి చెప్తున్నావు కదా. చూసి చెప్పొద్దురా, తిప్పి చెప్పు. గొట్టంలో ఇంకా పిండి పెట్టలేదులే, బోర్లించు. బిళ్ళ ఎంత లోతులో ఉందో స్కేలు పెట్టి చూసుకో. ఇప్పుడు ఒక చుట్టు తిప్పు. సరిగ్గా ఒకటే, పిడి మొదలు పెట్టిన చోటికే రావాల. మళ్ళీ కొలువు. ఏమైంది? నువ్వు చెప్పినదానికి రెండింతలు దిగిందా? ముఖం అట్లా పెట్టబాకు, బి.ఎస్సి. ఫస్టు క్లాసులో పాసైన మనిషే ఆ తప్పు చేసింది. కూర్చోండి, చెప్తా. పిండి మీద తడిగుడ్డ కప్పి, పొయ్యి ఆర్పేసినాలే, ఒక అరగంట ఆగుతాయి మురుకులు.

ఆ బి.ఎస్సి. పేరు ప్రమీలమ్మ. నవ్వబాకండి. అవును, మీ అమ్మమ్మ పేరే, నేనే. కానీ ఇరవై మూడేళ్ళ ఆ పిల్లను తలుచుకుంటే నాకే ఎవరో పరాయి మనిషిలాగా ఉంటుంది. ఆమె చేసిన పనిని నేను చేసినా అని చెప్పుకోవడానికి నోరు రాదు. అందుకని ప్రమీలమ్మ అనే చెప్తా, మీరు ఎవరో ఒకామె అనుకొని వినండి. అయినా నేను చెప్పాలనుకున్నది ఆమె సంగతి కాదు, ఎలిశబెతు సంగతి. ఎలిశబెతు టీచరు. పొట్టిగా, నల్లగా, తెల్ల చీర గంజి పెట్టి కట్టుకొని, చేతికి మగవాళ్ళ గడియారం. వాళ్ళ నాయన చిన్నపోలయ్య బకింగాం కాలవ మీద లాకు కాడ పడవలు బాగుచేసే మేస్త్రి. ఆ గడియారం ఆయనదే. ఆయన పోయినాక ఈమెకు మిగిలినవి రెండే, గడియారమూ, ఒక ఇనప జాకీ. జాకీ అంటే తెలుసు కదా, లారీ టైరు మార్చేటప్పుడు కింద పెట్టి తిప్పుతారే, అట్లాంటిదే, కాకపోతే ఇంత ఎత్తు, మొద్దుగా. పడవ అడుగు బాగుచెయ్యాలంటే దాన్ని పైకెత్తాల గదా, దానికోసం ఆయన సొంతంగా చేసుకున్నాడు. నెల్లూరులో ఎక్కడో పారేసిన పాత అచ్చుయంత్రం నుంచి మర ఊడబీక్కొని వచ్చి చేసినాడంట. ఆ ముక్క గుర్తుపెట్టుకోండి, అచ్చుయంత్రం మర. మళ్ళీ అవసరమొస్తుంది.

అప్పుడు బడి తోటపల్లి గూడూరుకు ఇవతల ఒక పల్లెలో. బస్సు దిగి కాలవ దాటి ఇసకలో నడవాల, చెప్పులు చేతిలో పట్టుకొని. ప్రమీలమ్మ పెద్ద తరగతులకు సైన్సు చెప్పేది. నెల్లూరు నుంచి బి.ఎస్సి. చేసి వచ్చిన మొదటి ఆడమనిషి ఆమేనని హెడ్మాస్టరు చెంచురామయ్య గారు ప్రార్థనలో అందరి ముందూ చెప్పినారు. ఒక నెల రోజులు ఆ మాట మీదే బతికింది ఆమె. ఎలిశబెతు హయ్యర్ గ్రేడు, అంటే కాలేజీ చదువు లేని ట్రైనింగు టీచరు, చిన్న తరగతులకు చెప్పేది. ఇద్దరికీ పోటీ ఏముంది అంటారా? ఏమీ లేదు. ఉండకూడదు కూడా. కానీ ఒకరోజు ఏమైందంటే, ప్రమీలమ్మ పదో తరగతికి మరల పాఠం మొదలు పెట్టింది. బోర్డు మీద సూత్రం రాసింది, పిడి తిరిగే చుట్టుకొలతను మర ఒక చుట్టుకు లేచే ఎత్తుతో భాగిస్తే యాంత్రిక లాభం అని. పిల్లకాయలు ఆవలిస్తా ఉండారు. కిటికీలోంచి పక్క తరగతి మాటలు వినపడతా ఉండాయి. ఎలిశబెతు గొంతు. "మీ నాయన వడ్లబస్తాల బండిని కాలవకట్ట మీదికి ఎట్లా ఎక్కిస్తాడు? నిట్టనిలువునా?" "లేదు టీచర్, ఏటవాలు బాట మీద." "దూరం ఎక్కువా, తక్కువా?" "ఎక్కువ." "ఎద్దులకు బరువు?" "తక్కువ." "అంతే. దూరమిచ్చి బరువు తగ్గించుకున్నాడు మీ నాయన. ఇప్పుడు చూడండి." పాత క్యాలెండరు కాగితాన్ని మూలగా కోసి, ఏటవాలు అంచుకు ఎర్ర పెన్సిలు పూసి, దాన్ని ఒక పెన్సిలుకు చుట్టింది. ఎర్రగీత మెలికలు తిరుగుతా పెన్సిలు మీదికి ఎక్కింది. "కాలవకట్ట బాట పెన్సిలుకు చుట్టుకునింది. దీన్నే మర అంటారు." అంతే ఆమె చెప్పింది. తరగతంతా ఆఁ అన్నారు. ప్రమీలమ్మ తరగతిలో పదహారేళ్ళ మగపిల్లలు కూడా మెడలు చాచి ఆ కిటికీ వైపే చూస్తా ఉండారు. ఆమె బోర్డు వైపు ఒక్కరూ లేరు.

ఆరోజు మొదలైంది కుళ్ళు. ఒక్కసారిగా రాలేదులే, రోజూ కొంచెం. ఎలిశబెతు వెనకాల బస్సు దాకా ఎంతమంది పిల్లకాయలు పోతా ఉండారో లెక్కపెట్టేది ప్రమీలమ్మ. పదకొండు మంది. తన వెనకాల ఇద్దరు, వాళ్ళిద్దరిదీ అదే దారి కాబట్టి. ఇంట్లో తలుపేసుకొని క్యాలెండరు కాగితం కోసి పెన్సిలుకు చుట్టి చూసుకునింది. మర్నాడు పదో తరగతిలో అదే చేసి చూపిస్తే వెనక బెంచీ నుంచి ఒకడు, "ఇది మాకు ఏడులో ఉన్నప్పుడే ఎలిశబెతు టీచర్ చూపించింది, టీచర్" అన్నాడు. వాడేం వెటకారంగా అనలేదు పాపం. అనివుంటే బాగుండేది, బెత్తం తీసుకోవచ్చు. ఇంకోనాడు చెంచురామయ్య గారు పక్కకు పిలిచి, ఆయనది సన్న గొంతు, ముక్కుతో మాట్లాడతారు, "అమ్మా ప్రమీలమ్మా, నువ్వు చెప్పేదాంట్లో ఒక్క అక్షరం తప్పుండదు తల్లీ. కానీ నాలుగు రోజులు ఆ ఎలిశబెతమ్మ తరగతిలో వెనకాల కూర్చొని చూడరాదూ" అన్నారు. బి.ఎస్సి.ని పోయి హయ్యర్ గ్రేడు వెనకాల కూర్చోమన్నారు. ఆ రాత్రి అన్నం సయించలేదు ఆమెకు. ఇంకొకటి కూడా చెప్పాల, దాచిపెడితే మీకు చెప్పీ ఉపయోగం లేదు. ఎలిశబెతు ఏ పేట నుంచి వచ్చిందో, ఏ గుడికి పోతుందో ఊరందరికీ తెలుసు. ప్రమీలమ్మ ఆ మాట ఎప్పుడూ నోటితో అనలేదు. కానీ లోపల, ఎంతైనా నేను నేనే గదా అనుకొని, దాన్ని ఆసరా చేసుకొని నిలబడేది. అట్లా నిలబడినా కుళ్ళు తగ్గలేదు, అది వేరే సంగతి.

ఎక్కడున్నా? ఆ, వాల్తేరు. ఆ సంవత్సరం ఎండాకాలంలో సైన్సు చెప్పేవాళ్ళకు వాల్తేరులో నెలరోజులు శిక్షణ పెట్టినారు. బడికి ఒక్కరే. నెహ్రూ గారు పోయిన ఏడు అది, అరవై నాలుగు. చిన్న తరగతుల వాళ్ళయినా పోవచ్చు, ఇన్‌స్పెక్టరు గారు వచ్చి పాఠాలు చూసి పేరు రాస్తారు అని కాయితం వచ్చింది. ప్రమీలమ్మకు అది కావాల. ఎంత కావాలంటే, నిద్రలో కూడా వాల్తేరుకు రైలెక్కేది. దానికి తగ్గట్టు ఏమైందంటే, ఏడో తరగతి నడిచే పెంకుటి వసారాలో మధ్యలో దూలాన్ని మోసే నిట్టాటికి చెదలు పట్టి, పైన దూలం సరిగ్గా మూడంగుళాలు కుంగింది. దూలాన్ని మూడంగుళాలు పైకెత్తి, పాత నిట్టాడు తీసేసి కొత్త సరుగుడు దుంగ నిలబెట్టాల. చెంచురామయ్య గారికి ఆలోచన వచ్చింది. ఎలిశబెతు దగ్గర జాకీ ఉంది, వడ్రంగి హజరత్తయ్య ఉండాడు, ఇన్‌స్పెక్టరు గారి ముందే దూలం ఎత్తించి, అదే పాఠంగా చెప్పిస్తే? "జాకీ ఎలిశబెతమ్మది కాబట్టి ఆమే చెప్తుంది. ప్రమీలమ్మా, నువ్వు లెక్కలు సరిచూడు" అన్నారు. సరిచూడు అన్నారు. అంటే పాఠం ఆమెది, పక్కన నిలబడేది ఈమె.

సరే, లెక్క చూద్దాం. ఆనందబాబూ, నువ్వు కూడా వెయ్యి. జాకీ మర నడిమి నుంచి పిడి చివరకు పద్నాలుగు అంగుళాలు. చుట్టుకొలత ఎంత? రెండు పద్నాలుగులు ఇరవై ఎనిమిది, దాన్ని ఇరవైరెండు బై ఏడుతో హెచ్చవేస్తే ఎనభై ఎనిమిది. ఇప్పుడు మర ఒక చుట్టుకు ఎంత లేస్తుందో దాంతో భాగించాల. ఏడో తరగతి నోటుపుస్తకాల్లో ఎలిశబెతు ఏం రాయించిందంటే, ఒక చుట్టుకు అర అంగుళం, కాబట్టి లాభం నూట డెబ్బై ఆరు, మూడంగుళాలు లేవాలంటే ఆరు చుట్లు. ప్రమీలమ్మ స్కేలు పెట్టి మర మీద గాడులు లెక్కపెట్టింది. అంగుళానికి నాలుగు. అంటే గాడికీ గాడికీ మధ్య పావంగుళం. పావంగుళంతో భాగిస్తే మూడువందల యాభై రెండు, ఎత్తడానికి పన్నెండు చుట్లు. ఆమె గుండె ఎట్లా ఎగిరిందో చెప్పలేను. దొరికింది కదా తప్పు. నోటుపుస్తకం తీసుకొని నేరుగా హెడ్మాస్టరు గదికి పోయి, ఎలిశబెతును పిలిపించి, ఆయన ముందరే, "అంగుళానికి నాలుగు గాడులు కనపడతా ఉంటే మీకు అర అంగుళం ఎక్కడి నుంచి వచ్చింది టీచర్? స్కేలు చూడటం చిన్న తరగతుల్లోనే నేర్పిస్తారు కదా" అనింది. ఎలిశబెతు హెడ్మాస్టరు వైపు చూసింది, ఈమె వైపు చూసింది. ఏదో చెప్పబోయింది. మళ్ళీ ఏమనుకునిందో, "మీరు పెద్ద చదువు చదివినారు టీచరుగారూ. మార్పిస్తాలెండి" అనింది. ఆ మధ్యాహ్నమే పిల్లకాయలందరూ ఆరు కొట్టేసి పన్నెండు రాసుకున్నారు.

గెలిచింది కదా, ఇంటికి పోయి హాయిగా ఉండొచ్చు గదా ప్రమీలమ్మ? ఉండలేకపోయింది. అంత తేలిగ్గా ఎట్లా ఒప్పుకునింది అని ఒకటే గీకుడు. ఇన్‌స్పెక్టరు రేపు వస్తాడనగా, సాయంత్రం బడి గంట కొట్టి అందరూ పోయినాక, వసారాలోకి పోయింది. జాకీ నేల మీద ఉంది, మరకు కొత్తగా గ్రీజు పట్టించి ఉంది. పిడి పట్టుకొని ఒక చుట్టు తిప్పి స్కేలు పెట్టింది. అర అంగుళం. మళ్ళీ తిప్పింది. మళ్ళీ అర అంగుళం. కింద కూర్చొని, చూపుడువేలు గాడిలో పెట్టి, మర చుట్టూ తిప్పుకుంటా పైనుంచి కిందికి వచ్చింది. వేలు ఒక గాడిని వదిలి, దాని కింది గాడిలోకి దిగడం లేదు. ఒకటి విడిచి ఒకటిగా పోతా ఉంది. అప్పుడు అర్థమయింది. ఆ మర మీద ఉండేది ఒక దారి కాదు, రెండు. జడలో పాయల్లాగా, రెండు దారులు పక్కపక్కనే చుట్టుకొని పోతా ఉండాయి. అచ్చుయంత్రం మర అని చెప్పినా కదా? అచ్చు గబుక్కున దిగాల, గబుక్కున లేవాల, అందుకని దానికి రెండు దారులు కోస్తారు. ఒక చుట్టుకు రెండు గాడుల దూరం లేస్తుంది. నీ మురుకుల గొట్టమూ అంతేరా. పైనుంచి చూస్తే తెలియదు, తిప్పితేనే తెలుస్తుంది. ఎలిశబెతు తిప్పి చెప్పింది. ప్రమీలమ్మ చూసి చెప్పింది.

ఇంక ఏం చెయ్యాల ఆమె? పొద్దున్నే పోయి, టీచర్, మీదే సరి, నాదే తప్పు అని ఒక్క మాట చెప్తే అయిపోయె. చెప్పడానికి టైము కూడా ఉన్నింది. ప్రార్థన ముందు ఇద్దరూ ఒకే బల్ల కాడ నిలబడి సుద్దముక్కలు ఏరుకున్నారు. ఎలిశబెతు ఈమె ముఖంలోకి చూసి నవ్వింది కూడా. ఈమె సుద్దముక్కలు తీసుకొని వచ్చేసింది.

ఇన్‌స్పెక్టరు గారు వచ్చినారు. లావాటి మనిషి, కుర్చీ వేస్తే అందులో సగం ఆయన, సగం ఆయన కండువా. పిల్లకాయలను వసారా బయట గోడవారన నిలబెట్టినారు. ఎలిశబెతు పాఠం చెప్పింది. బండి బాట చెప్పింది, కాగితం చుట్టింది. చెయ్యి వదిలినా జాకీ మీది బరువు ఎందుకు కిందికి రాదని ఇన్‌స్పెక్టరు గారు ఒక పిల్లదాన్ని అడిగితే, అది గడగడా చెప్పింది. "రాపిడి సార్. మనం పెట్టే బలంలో సగానికి పైగా అదే తినేస్తుంది సార్. తిన్నదానికి కాపలా కాస్తుంది సార్, బరువును జారనీదు." ఆయన పొట్ట ఊగేదాకా నవ్వినారు. తిన్నదానికి కాపలా. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. ప్రమీలమ్మకు చెవుల్లో నుంచి పొగ వచ్చినంత పనైంది. సరే, దూలం ఎత్తండి చూద్దాం అన్నారు ఆయన. మూడంగుళాలకు ఎన్ని చుట్లు అంటే, పన్నెండు అని నలభై గొంతులు ఒక్కసారి అరిచినాయి.

హజరత్తయ్య జాకీ మీద ఒక దుంగ నిలబెట్టి దూలానికి ఆనించి, పిడి పట్టుకున్నాడు. ఎలిశబెతు పక్కనే నిలబడి దూలం వైపు చూస్తా ఉంది. పిల్లకాయలు లెక్కపెడతా ఉండారు. ఒకటి. రెండు. పైన కట్టెలు కిర్రుమంటా ఉండాయి. మూడంగుళాలు దాటి ఎత్తితే ఏమైతుందో తెలుసా? పెంకుల వరసలు విడిపోతాయి, ఒకటి జారితే దాని వెనకాల వరసంతా జారుతుంది. కింద హజరత్తయ్య, ఎలిశబెతు. మూడు. నాలుగు. ప్రమీలమ్మకు తెలుసు, ఆరు దాటకూడదని. ఆ వసారాలో తెలిసింది తనొక్కదానికే అనుకునింది. ఆపమని ఒక్క మాట. అయిదు. చెప్తే ఎలిశబెతు తప్పు బయటపడదు, తన తప్పు బయటపడుతుంది. ఒకటి రెండు పెంకులు పడితే ఏమైతుందిలే అనుకునింది. నాలుక అంటుకుపోయినట్టు నటించింది, అంటుకోలేదు, నేను నటించినా. ఆరు. నేను నోరు తెరవలేదు.

"చాలు హజరత్తన్నా." ఎలిశబెతు. కొలవలేదు, స్కేలు పెట్టలేదు, ఆరో చుట్టు పూర్తవుతానే పిడి మీద చెయ్యి పెట్టి ఆపేసింది. ఇన్‌స్పెక్టరు గారు, "ఏమమ్మా, పన్నెండని చెప్పి ఆరుకే ఆపినావే?" అన్నారు. హజరత్తయ్య మట్టపలక పెట్టి చూసి, "సరిగ్గా వచ్చేసిందండీ, ఇంకో చుట్టు పడివుంటే నెత్తిన పెంకులే" అన్నాడు. చెంచురామయ్య గారు గొంతు సవరించుకొని నా వైపు చూస్తా ఉండారు, ఆయన గదిలోనే కదా స్కేలు గొడవ జరిగింది. ఎలిశబెతు ఆయనకు సందు ఇవ్వలేదు. "నా లెక్కే తప్పిందండీ" అనింది. అప్పుడు నేనేం చేసినానంటే, సుద్దముక్క తీసుకొని బోర్డు కాడికి పోయినా. రెండు దారుల మర బొమ్మ వేసినా, ఎనభై ఎనిమిదిని అరతో భాగించినా, నూట డెబ్బై ఆరు రాసి కింద రెండు గీతలు కొట్టినా. ఇన్‌స్పెక్టరు గారు, "చక్కగా పట్టుకున్నావమ్మా, ఇది మామూలు కంటికి అందేది కాదు" అని అక్కడికక్కడే పేరు రాసుకున్నారు.

వాల్తేరు పోయొచ్చినా. సముద్రం మన సముద్రమే, కొండ ఉంది, అంతే. తిరిగొచ్చేసరికి ఎలిశబెతుకు బోగోలు వైపు బదిలీ అయింది. అయిదేళ్ళకు అక్కడే జ్వరమొచ్చి పోయిందని చెంచురామయ్య గారే చెప్పినారు. ముప్ఫై నాలుగేళ్ళు పాఠాలు చెప్పినా నేను, ఏటా క్యాలెండరు కాగితం కోసి పెన్సిలుకు చుట్టినా, పిల్లకాయలు ఆఁ అన్నారు, ఇది నాది కాదని ఒక్క ఏడన్నా చెప్పలేదు. పాపం అనుకొని ఇప్పుడు బాధపడతా ఉండానని మీరు అనుకుంటారేమో. బాధ కాదు. అదే కుళ్ళు. ఆమె ఒక్కసారి నా మీద అరిచివుంటే తీరిపోయేదేమో.

అరవలేదు. బదిలీ కాయితాలు తీసుకునేదానికి వచ్చిన రోజు, బయట ఎద్దులబండిలో గోనెపట్ట చుట్టి జాకీ ఉంది. నేను వరండాలో ఎదురుపడినా. బాగుండారా టీచరుగారూ, వాల్తేరు బాగుందా అని అడిగింది. బాగుందన్నా. కాసేపు గడియారానికి తాళం తిప్పుకునింది. తర్వాత, మెల్లగా, నవ్వుతానే చెప్పింది. "హెడ్మాస్టరు గారి ముందు మీ మాట కాదంటే మీకు చిన్నతనమని ఆరోజు మార్పించినా. ఇన్‌స్పెక్టరు గారు వచ్చిన రోజు పొద్దున చూస్తే, గ్రీజులో ఒక దారి మాత్రం వేలితో తుడిచి ఉంది, రెండో దారి అట్లనే ఉంది. సుద్దపొడి కూడా అంటుకొని ఉంది. అమ్మయ్య, టీచరుగారికి తెలిసిపోయింది, ఇంక ఆమే చెప్తారులే అనుకున్నా." బండి ఎక్కబోతా ఆగింది. "ఆరో చుట్టు దాకా చూసినా, మీరు చెప్తారని."

ఏందే? నేనేమన్నానంటావా? ఆమెతోనా?

ఆ గొట్టం ఇట్లా తే. తడిగుడ్డ ఆరిపోయుంటుంది, పిండి బిరుసెక్కిందంటే మురుకులు విరిగిపోతాయి. జరగండి, పొయ్యి వెలిగించాల.